వట్టి సూదికా?

అక్కా,

నువ్వు పోయి రేపటికి నాలుగేళ్లు. ఈ రోజు విరుదునగర్‌లో డాక్టరమ్మ చెప్పింది నీకు చెప్పాలి.

నీలాగే నాకూ మూడుసార్లు, మూడో నెల రాకముందే గర్భం పోయింది. ఇది నాలుగోది. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే నాలో పొరపాటుపడి, రక్తాన్ని గడ్డకట్టిస్తోందట. అందుకే బిడ్డ నిలవడం లేదట. రోజూ ఒక చిన్న మాత్ర, పొట్ట మీద ఒక సూది. ఈ వైద్యంతో చాలామందికి నిలుస్తుందట. మొదటి సూది ఈ రోజే వేశారు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా?" అని డాక్టరమ్మ అడిగింది. నీ మూడు గర్భాల సంగతీ, నీ కాలు వాచడం, రెండు రోజులకే ఊపిరాడక నువ్వు పోవడం చెప్పాను. ఆమె రాయడం ఆపేసింది.

"పరీక్ష చెయ్యలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ ఇదే అయ్యుండొచ్చు" అంది.

పక్కనున్న అమ్మ, "అట్లయితే పెద్దదాని మింద తప్పేమీ లేదా?" అని నన్నడిగింది. నా పెళ్లిలో నిన్ను హారతి పట్టొద్దన్నది నేనే కదక్కా.

బస్టాండులో అమ్మ మా ఊరు కోవిల్‌పట్టికి పోయే బస్సు ఎక్కలేదు. నిన్ను పుట్టింటికి పంపేసిన మీ అత్త ఊరికి, తిరుచ్చుళికి నన్ను తీసుకుపోయింది. వాకిట్లో నిలబడే చెప్పింది.

"నా బిడ్డను దరిద్రమని ఎళ్లగొడితిరే. అది రోగమంట. సూదేస్తే అణిగే రోగమంట."

మీ అత్త గడప పట్టుకుని కూర్చుండిపోయింది. "వట్టి సూదికా అణిగేది?" అని అడిగింది.