పంచదార చీటీ

కాకినాడ,
14-8-1999

అశ్వినమ్మకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. కర్నూలు కాలేజీలో లెక్చరరుగా చేరాక వేళకు తింటున్నావో లేదోనని మీ అమ్మకు బెంగ. నా మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లెక్కే ఉద్యోగం అయిపోయింది కదా, తగ్గింది.

వచ్చే వారం కార్బోహైడ్రేట్ల పాఠం చెప్పాలి, శ్యామలాంబ మేడం గారు ఎలా మొదలుపెట్టేవారని రాశావు. ఇరవై ఆరేళ్లు కెమిస్ట్రీ ల్యాబులో గొట్టాలు కడుగుతూ విన్న పాఠం, ఎలా మరిచిపోతాను? బల్ల మీద గ్లూకోజు, పంచదార, బియ్యప్పిండి మూడు పొట్లాలు పెట్టించేవారు. "గ్లూకోజు ఒంటరిది, ఫ్రక్టోజూ అంతే. ఆ రెండూ జతకడితే పంచదార. గ్లూకోజులు వందలు, వేలు గొలుసుకట్టి కొమ్మలు వేస్తే పిండి" అనేవారు. తర్వాత ఎండుగడ్డి పరక ఎత్తి చూపేవారు. "ఇదీ గ్లూకోజుల గొలుసే. లంకె పడిన తీరు వేరు. అందుకే ఆవుకు అరుగుతుంది, మనకు అరగదు."

చిన్నప్పుడు సెలవు రోజుల్లో నువ్వు నాతో వచ్చి, స్టూలెక్కి కూర్చుని, గంజిలో అయోడిన్ చుక్క వేయించుకునేదానివి. నల్లటి నీలం తిరగగానే మళ్లీ వెయ్యమనేదానివి. ఆ కిటికీలోంచి పడే ఎండ, నీ రెండు జడలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఎనిమిదేళ్లుగా నీకు చెప్పని మాట ఒకటుంది. డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్ ముందురోజు నువ్వు ఏడ్చావు. "పంచదార వస్తే నాకు రాదు నాన్నా. దాన్ని యాసిడ్‌తో కాచి విడగొడితే గాని పరీక్షలో ఎరుపు రాదు. ప్రతిసారీ తప్పుతున్నాను" అన్నావు. మర్నాడు ఎవరు ఏ గొట్టంలోది కనిపెట్టాలో చీటీలు తీసి బల్లల మీద పెట్టే పని నాదే. నీకు పంచదార వచ్చింది. పక్కబల్ల హారతికి పిండి వచ్చింది. ఎగ్జామినర్ గారు రాసుకునేలోగా ఆ రెండు చీటీలూ మార్చేశాను. నువ్వు కాలేజీ ఫస్టు వచ్చావు. రెండు మార్కులు తగ్గి హారతి సెకండు వచ్చింది. యూనివర్సిటీలో సీటు నీకు వచ్చింది, ఆ అమ్మాయికి రాలేదు.

పోయిన సోమవారం పిఠాపురం గుడిలో హారతి కనిపించింది. యానాంలో బట్టలు కుడుతోందట. "బాగున్నారా గంగయ్య గారూ?" అని తనే పలకరించింది. ఆగలేక అంతా చెప్పేశాను. 

"అశ్వినికి తెలుసాండి?" అంది.

"తెలియదమ్మా."

"చెప్పండి. ఆ రోజు సరిగ్గా కాచక నేనే పాడుచేసుకున్నాననే ఇన్నాళ్లూ అనుకున్నానండి" అని, తన కొబ్బరిచెక్కలో ముక్క తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి, నువ్వు కప్పు అందుకుంటున్న ఫోటో గోడ మీంచి దించాను. మీ అమ్మ ఎందుకని అడిగితే తుడవడానికన్నాను. నువ్వు చదివిన చదువు నీదేనమ్మా, ఆ చీటీ ఒక్కటే నాది. నాకు జవాబు రాయకపోయినా సరే. హారతి అడ్రసు ఈ కాగితం వెనక రాశాను, ముందు ఆ అమ్మాయికి ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ నాన్న
గంగయ్య