ఇంటికి తెచ్చుకున్న కవరు

నాయినా,

నిన్న నీ అస్తికలు సముద్రంలో కలిపొచ్చినాము. కురబలకోట గుట్టల్లో గొర్రెలు మేపినోడివి, బతికుండగా ఆ సముద్రం నువ్వు సూసిందే లేదు.

ఒడ్డున చాటంత తాబేలు ఒకటి సచ్చి పడి ఉండాది. దాని నోట్లోంచి ప్లాస్టిక్ కవరు వేలాడతాండాది. నాకు మన నల్లగొర్రె గుర్తొచ్చింది. అది సచ్చిన పొద్దు నువ్వు దాని కడుపు కోసి, కవర్ల ఉండ బయటికి తీసి, వీధిలో అందరికీ సూపించి తిట్టినావు గదా. ఆ పొద్దు నుంచి దోవలో కనబడిన కవరల్లా ఏరుకోనొచ్చి దొడ్డి చూరులో దోపేటోడివి.

నీ తమ్ముడు పుంగనూరు బట్టల అంగడి కవర్లో నీ అస్తికలు తెచ్చినాడు. ఆ తాబేలు పక్కనే నిలబడి వాటిని నీళ్లలో వదిలి, కవర్ను కూడా సముద్రంలోకే ఇసిరేసినాడు.

"యాల ఇసిరేసినావు చిన్నాయనా?" అన్నాను.

"సావుకు వాడింది ఇంటికి తేకూడదమ్మా" అన్నాడు.

మన ఇంటికి రాకూడదంట, తాబేళ్ల ఇంటికి మాత్రం పోవచ్చంట. నాకు ఒళ్లు మండిపోయింది. చీరతోనే నడుము లోతు నీళ్లలోకి పోయి ఆ కవరు పట్టుకోనొచ్చినాను.

ఇంటికి రాంగానే, ఆ కవరుతో గడప తొక్కొద్దన్నాడు చిన్నాయన. నేను తొక్కలేదు. దొడ్డిలోనే కూర్చోని ఇది రాస్తాండాను. కవర్ను చూరులో నువ్వు దోపినవాటి పక్కనే దోపినాను. గొర్రెలకు అందదులే.