బూమ్ ఎత్తే గొట్టం

బావా, మట్టి తవ్వే మన పాత ప్రొక్లెయిన్‌కి బూమ్ ఎత్తే ఆయిల్ గొట్టం దానంతటది పగల్లేదు, ఎవరో కత్తి పెట్టి కోశారు. షెడ్డులో కారిన నూనె తుడుస్తుంటే చూశాను. కోత గీత గీసినంత నున్నగా ఉంది.

నువ్వు వచ్చాక బండి స్టార్ట్ చెయ్యకు. తాళం నాతో తీసుకెళ్తున్నాను, దానికోసం ఇల్లు పీకి పందిరెయ్యకు. కోసిన ముక్క పట్టుకుని గొట్టాల షాపుకి వెళ్తున్నాను. అంత పాత బండికి సరిపోయేది దొరక్కపోతే దగ్గరుండి చేయించుకుని వస్తాను. భోజనం మూతపెట్టి ఉంచాను.

మెకానిక్ మీదికి మాత్రం వెళ్లకు. నిన్న నలుగురిలో తిట్టావని కక్ష తీర్చుకున్నాడనుకుంటావు. ఈ పని అతనిది కాదు.

ఎత్తిన బూమ్, అంత బరువైన ఇనప చెయ్యి, దానంతటది కిందికి జారుతోందని మామయ్య కొన్నాళ్లుగా మొత్తుకుంటున్నారు. "ముసలిది కదా నాన్నా, నీలాగే నడుం వంగుతోంది" అని నవ్వావు. నవ్వి ఊరుకోక, ఎత్తిన బకెట్ కిందే దూరి గ్రీజు కొట్టావు. కిటికీలోంచి చూస్తున్న నేను నువ్వు బయటికి వచ్చేదాకా ఊచలు వదల్లేదు. ఆ సంగతి నీకు ఎప్పుడైనా పట్టిందా?

తా.క. మామయ్యని ఏమీ అనకు, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను అడక్కముందే చెప్పేశారు: "నేనే కోశానమ్మా. బకెట్ నేలకి ఆనించి ఉన్నప్పుడే కోశాను, ఎవరి మీదా పడకుండా. నోటితో చెబితే వాడు నవ్వేసి మళ్లీ దాని కిందికే దూరతాడు."