మంచులో మూడో అంతస్తు

జనవరి 22, ఆదివారం

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన స్టోయిల్ తిరిగి వెళ్ళలేకపోయాడు. రెండింటికి సన్నగా మొదలైన మంచు, మేం చిక్కుడుగింజల సూప్ తాగి లేచేసరికి అతని కారును సగం మింగేసింది. గుట్ట మీదికి వెళ్ళే రోడ్డు మూసేశారని రేడియోలో చెప్పారు.

గుట్ట మీద అతని ఇల్లు. పెరడు, కట్టెల పొయ్యి, నాలుగు వైపులా గాలి. నాది రూసే నగరం నడిబొడ్డున మూడో అంతస్తులో రెండు గదుల అపార్ట్‌మెంట్. వసంతంలో పెళ్ళి చేసుకుందామనుకున్నాం. నాకు యాభై ఆరు, అతనికి అరవై రెండు. ఇద్దరికీ ఇది రెండోసారి. అపార్ట్‌మెంట్ అమ్మేసి అతని ఇంటికి వెళ్తానని ఒప్పుకున్నాను. కొనడానికి ఒక పళ్ళ డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఫిబ్రవరి ఒకటికల్లా అతనికి ఖాయంగా చెప్పాలి.

డైరీ కాబట్టి రాస్తున్నా. నాకు వెళ్ళాలని లేదు. స్టోయిల్‌కి చెప్పలేదు.

జనవరి 23, సోమవారం, ఉదయం 7

మైనస్ పద్దెనిమిది. టౌను నుంచి వచ్చే వేడినీళ్ళతో గదుల్లో రేడియేటర్లు కాలిపోతున్నాయి. బనియను మీద తిరుగుతున్నాను.

స్టోయిల్ కిటికీ తెరిచాడు. నేదా, ఇది ఇల్లా, బేకరీ పొయ్యా, నన్ను రొట్టెలా కాలుస్తున్నావా, అని గొణిగాడు. రాత్రంతా నిద్ర లేదట. పైన ఎవరో నడుస్తున్నారట, కింద ఎవరో దగ్గుతున్నారట, పక్కింటివాళ్ళు తుమ్మితే చిరంజీవ అనాలో వద్దో తెలియక మెలకువగా ఉన్నాడట. పావురాల గూడు అని పేరు పెట్టాడు నా ఇంటికి.

నేను మెట్లు దిగి, కింద బేకరీలో వేడి వేడి చీజ్ పొరల బానిత్సాలు కొని, చెప్పులు తడవకుండా పైకి వచ్చాను. మూడు తిన్నాడు. పావురాలు బాగానే తింటాయన్నమాట.

అదే రోజు, సాయంత్రం

నేను పనిచేసే మందుల షాపుకి ఇవాళ నేనొక్కదాన్నే వెళ్ళగలిగాను. ఓనరు పల్లెలో ఇరుక్కుపోయాడు. ఇంకో ఫార్మసిస్టు ఉండేది నదికి అవతల, వంతెన మూసేశారు. నాకు షాపు నూట ముప్ఫై అడుగుల దూరం. లెక్కపెట్టాను. తాళం తీసేసరికి పదకొండు మంది లైన్లో ఉన్నారు. అందరూ నడిచి వచ్చినవాళ్ళే, అందరూ ఈ నాలుగు వీధులవాళ్ళే. ముక్కులు ఎర్రగా ఉన్నా అందరూ పండగకి వచ్చినట్టు కబుర్లాడుతున్నారు.

జనవరి 24, మంగళవారం

మైనస్ ఇరవై ఒకటి. డాన్యూబ్ నది అంచులు గడ్డకట్టాయి.

ఎదురు ఫ్లాటు ఫిదాన్కా మామ్మకి ఎనభై నాలుగేళ్ళు. ఉదయమే తలుపు కొట్టింది. మగమనిషి గొంతు వినిపించింది, ఎవరే, అని సూటిగా అడిగింది. కాబోయే మొగుడన్నాను. లోపలికి వచ్చి స్టోయిల్‌ని కింద నుంచి పైదాకా చూసింది. భుజాలు బాగున్నాయి, వచ్చి నా బాల్కనీలో మంచు ఎత్తిపొయ్యి నాయనా, అంది. అతను పార పట్టుకుని వెళ్ళాడు. గంట తర్వాత రెండు గ్లాసుల రాకియా సారా వాసనతో తిరిగొచ్చాడు. ఈ ముసలావిడకి పేకాటలో మోసం చేయడం వచ్చు, అన్నాడు, చాలా గౌరవంగా.

జనవరి 25, బుధవారం

నాలుగు గంటలు హీటింగ్ ఆగింది. స్టోయిల్ ముఖం వెలిగిపోయింది. నా ఇంట్లో అయితే ఒక కట్టె పడేస్తే చాలు, ఎవడినీ బతిమాలక్కర్లేదు, అని ఆరుసార్లు చెప్పాడు. నిజమే. ఒప్పుకున్నాను. మధ్యాహ్నానికి గొట్టాలు మళ్ళీ గుడగుడమన్నాయి. కాస్త నిరాశపడ్డాడనుకుంటా.

జనవరి 26, గురువారం, ఉదయం 9

కంగారుగా ఉంది. రాస్తే తగ్గుతుంది.

షాపు తెరవగానే ఫోన్. ఇలియానా అనే టీచరు. స్టోయిల్ వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. చిన్నప్పటినుంచీ షుగరు. ఇన్సులిన్ ఈ రాత్రితో అయిపోతుంది. భర్త లారీతో పక్క జిల్లాలో ఇరుక్కున్నాడు. ఆ గుట్టంతా రెండు రోజులుగా కరెంటు లేదు. అంబులెన్స్ వాళ్ళకి చెప్పింది. మంచు తీసే బండి ముందు వెళ్తే తప్ప వాళ్ళు కదల్లేరు, బండి రేపటికో ఎల్లుండికో. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయమేసింది. సారీ అండీ, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను, అంటోంది.

ఇలియానా డాక్టరుతో మాట్లాడాను. మందు మా ఫ్రిజ్‌లో ఉంది. మధ్యలో ఆరు కిలోమీటర్లు.

ఇంటికి పరిగెత్తి స్టోయిల్‌కి చెప్పాను. ఎవరు, మన ఇలియానాయా, అని లేచి నిలబడ్డాడు. వేసవిలో నా మొక్కలకి నీళ్ళు పోసే పిల్ల, నేను వెళ్తా, అన్నాడు. ఎలా వెళ్తావన్నాను. జవాబు తెరిచిన తలుపులోంచి ఫిదాన్కా మామ్మ చెప్పింది. సెల్లార్‌లో ఆవిడ భర్తవి మంచు మీద జారే స్కీలున్నాయి, ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, స్కీలకి ఏం కాలేదు.

ఉదయం 10.30

బిల్డింగు మొత్తం మెట్ల మీదికి వచ్చేసింది. నాలుగో అంతస్తు అబ్బాయి కొవ్వొత్తితో స్కీలకి మైనం రాశాడు. రెండో అంతస్తు నుంచి థర్మాస్, ఎవరివో పొడుగు మేజోళ్ళు. బేకరీ నుంచి రొట్టె. ఎవరూ ఎవరినీ పిలవలేదు. స్టోయిల్ నలభై ఏళ్ళ కిందట మిలటరీలో స్కీయింగ్ చేశాడట. మర్చిపోతే పడతాను, పడితే లేస్తాను, దీనికింత సభ ఎందుకు, అని అందరినీ కసురుకున్నాడు.

ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. సంచిలో వద్దని చెప్పి, చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య నేనే కట్టాను. నా చేతులు కాస్త ఎక్కువసేపు అక్కడే ఉన్నాయి. మామ్మ చూసింది. చూడనీ.

చౌకు దాటేలోపు రెండుసార్లు పడ్డాడు. మలుపు దగ్గర పడలేదు. ఆ తర్వాత కనిపించలేదు.

మధ్యాహ్నం 1

కబురు లేదు. దగ్గుమందు అడిగినావిడకి జ్వరం మాత్రలు ఇవ్వబోయాను.

మధ్యాహ్నం 2.45

ఇలియానా ఫోన్. అందింది, అంది. ఆయన బాగున్నారు, గడ్డం నిండా ఐసే, అంది. లైన్ పోయింది.

షాపులో ఉన్నవాళ్ళందరికీ చెప్పేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కౌంటరు వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

జనవరి 27, శుక్రవారం

అతను అక్కడే ఉండిపోతాడు. ఎందుకు ఉండడు? సొంత ఇల్లు, సొంత పొయ్యి. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ కోరుకున్నది అదే కదా. నేను కూడా అదే మంచిదని అనుకోవాలి. అనుకోవడం లేదు. రెండో కప్పు కడిగి లోపల పెట్టేశాను.

జనవరి 28, శనివారం, మధ్యాహ్నం 12

వచ్చాడు!

మామ్మా నేనూ వంటింట్లో క్యాబేజీ తరుగుతున్నాం. తలుపు తీస్తే స్కీలు భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు, ముక్కు మీద చర్మం లేచిపోయింది. రోడ్డు తెరిచారా అన్నాను. లేదన్నాడు. మరి ఎలా వచ్చావు అన్నాను. వెళ్ళినట్టే వచ్చాను అన్నాడు. ఆరు కిలోమీటర్లు మళ్ళీ. ఈసారి ఎవరికీ మందు అక్కర్లేకపోయినా.

ఇలియానా బాగుంది. నిన్న సాయంత్రం కరెంటు వచ్చిందట. అతని వంటింట్లో గొట్టం పగిలి, నేలంతా నీళ్ళు గడ్డకట్టి అద్దంలా ఉందట. అందుకే వచ్చావా అన్నాను. కాదన్నాడు. పొయ్యి రాజేశాను, ఇల్లు వేడెక్కింది, కుర్చీ వేసుకుని కూర్చున్నాను, అన్నాడు. ఆగిపోయాడు. చూడు నేదా, అన్నాడు. మళ్ళీ ఆగాడు. అక్కడ, అన్నాడు. చెమటలు పడుతున్నాయి పాపం.

ఫిదాన్కా మామ్మ నలభై ఏళ్ళు ఒపేరాలో పాటగాళ్ళకి మాట అందించే పని చేసింది. ఎవరైనా మధ్యలో ఆగితే తట్టుకోలేదు. క్యాబేజీ మీంచి తల ఎత్తకుండా, అక్కడ ఎవరూ తుమ్మలేదు, అని గుసగుసగా అందించింది.

అక్కడ ఎవరూ తుమ్మలేదు, అన్నాడు స్టోయిల్ బుద్ధిగా. తర్వాతది ఎవరూ అందించలేదు. రెండు రాత్రులు చెవులు రిక్కించి కూర్చున్నానే, పైన ఎవరూ నడవలేదు, కింద ఎవరూ దగ్గలేదు, నేను పోయినా వసంతం దాకా ఎవరికీ తెలియదనిపించింది, అన్నాడు. నువ్వు ఇల్లు అమ్మొద్దు, నేనే వస్తాను, వేసవిలో పెరట్లోకి నువ్వు రా, ఒప్పుకుంటావా, అన్నాడు.

నాకు అసలు అమ్మాలని లేదని అప్పుడు చెప్పాను. ఎప్పటినుంచి అన్నాడు. మొదటినుంచీ అన్నాను. మరి నోరు ఏమైంది అని అరిచాడు. నీ పెరడంటే నీకు ప్రాణం కదా అని నేనూ అరిచాను. పదిహేను నిమిషాలు పోట్లాడుకున్నాం. గోడ అవతల ఎవరో రేడియో తగ్గించారు.

మామ్మ క్యాబేజీ మొత్తం తరిగేసింది.

జనవరి 30, సోమవారం

పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి కుదరదని చెప్పాను. ఆయన బాధపడ్డాడు. మీ బిల్డింగులో ఇంకేదైనా ఖాళీ అయితే చెప్పండి, ఈ వారం మా ఇంటి గేటు దాకా కూడా వెళ్ళలేకపోయాం, అన్నాడు.

ఎవరూ ఖాళీ చేయరు డాక్టరుగారూ.

ఫిబ్రవరి 4, శనివారం, ఉదయం

రోడ్లన్నీ తెరిచారు. కారు బయటపడింది. మళ్ళీ మంచు మొదలైంది. స్టోయిల్ కిటికీ దగ్గర నిలబడి, కురువు, ఇంకా కురువు, అంటున్నాడు.