టూత్‌పేస్టు డాక్టరు సాక్ష్యం

గుణదల, ఆదివారం

మా సంఘంలో తొమ్మిదో తరగతి కరుణకి బడిలో నెట్‌లో వెతకడం నేర్పే కంప్యూటర్ మేడమ్ గారి మీద పాస్టరునైన నాకు మొదటినుంచీ అనుమానమే. ఏది చూసినా ఎవరు రాశారో, ఇంకెక్కడైనా ఉందో చూడమంటారట. ఇలాగైతే రేపు దేవుని వాక్యాన్నీ సందేహించరా?

ఇవాళ సండే స్కూల్లో, దేవుడు బతికించాడనే ఒక డాక్టరు సాక్ష్యం మళ్ళీ చెప్పాను. చనిపోయి, మూడు గంటల తర్వాత లేచి, ప్రార్థనే చాలని మందులన్నీ పారేసిన విదేశీ డాక్టరు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూపించాను. కరుణ దాన్ని తన ఫోన్‌లో పెట్టి వెతికింది.

"అయ్యగారూ, ఈయన టూత్‌పేస్టు ప్రకటనలో నటుడండి."

"సాక్ష్యాన్నే పరీక్షిస్తావా?" అని గద్దించాను.

"సాక్ష్యమంటే చూసినవాళ్ళు ఉండాలి కదండీ. ఎవరు చూశారండి?"

పిల్లలు నవ్వారు. మేడమే ఎక్కించి పంపారనుకున్నాను. ఆమెని ఖండిద్దామని ఇంటికొచ్చి వాక్యం తీస్తే, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఏ మాటా నిలవదనే వచనం తగిలింది. నాకున్న సాక్షి ఫార్వర్డ్ చేసిన మైలవరం బ్రదర్ ఒక్కడే. అతనికి ఎవరు పంపారో నేను అడగనే లేదు.

కొండపల్లిలో బొమ్మలకి రంగులేసే మరియమ్మ గారు పోయిన నెల నా నోట ఈ సాక్ష్యం విని షుగర్ మాత్రలు మానేశారు. కాలి పుండు మానట్లేదంటే, విశ్వాసం చాలట్లేదన్నాను.

ఇందాక ఆవిడకి ఫోన్ చేశాను. "అది అబద్ధం అమ్మా, మాత్రలు వేసుకోండి."

"అపవాది, ఆ సాతాను, మీ గొంతుతో మాట్లాడట్లేదు కదా అయ్యగారూ?" అని ఫోన్ పెట్టేశారు.

సాక్ష్యాన్ని కాదన్నవాళ్ళని అలా అనుమానించమని నేర్పింది నేనే. పొద్దున మొదటి బస్సుకే కొండపల్లి వెళ్ళాలి. ముఖం చూస్తే నమ్ముతారేమో...