పాప వయసు ఎవరూ అడగలేదు

సూర్యాపేట

మనస్విని నాన్నకు, అనురాధ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. చివ్వెంలలో అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గి, గొర్రెల దొడ్డి దాకా తనే నడిచిపోతోందట. సరిహద్దులో మీ చలి సంగతి రాయండి. సిగ్నల్ దొరికిన కాసేపట్లో చెప్పే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

"పిల్ల ఫోన్ ఎప్పుడూ ఆఫ్‌లనే ఉంటది, గుంజుకున్నవా?" అని పోయినసారి కోపంగా అడిగారు. గుంజుకోలేదండీ. అదే తెచ్చి నా ఒళ్లో పడేసి, "అమ్మా, దీన్ని ఏడన్న దాచిపెట్టు" అని ఏడ్చింది.

లెక్కల పాఠాల కోసమని మీరు కొనిచ్చిన ఆ ఫోన్‌లో ఒక ఆట పెట్టుకుంది. తెరవగానే, పద్దెనిమిదేళ్లు నిండాయా అని అడిగిందట. ఏడో తరగతి పిల్ల అవునని నొక్కింది. అంతే, రానిచ్చారు. అక్కడ కోదాడ అమ్మాయినంటూ శ్రావణి అనే పేరుతో ఒకరు పరిచయమయ్యారు. తనదీ ఏడో తరగతేనంది. బడి ముచ్చట్లయ్యాక ఫొటో అడిగితే, మన పిల్ల యూనిఫాంలో ఉన్నది పంపింది. తరువాత అడిగినవి ఎలాంటివో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పంపనంటే, దాని మొహాన్ని పాడు బొమ్మలకు అతికించి బడి మొత్తానికి పంపుతానని బెదిరింపు. పిల్ల తిండి మానేసింది.

ఆ ఆట కంపెనీకి ఫిర్యాదు రాశాను. జవాబేమిటో తెలుసా? "ఖాతాదారు తనకు పద్దెనిమిదేళ్లు నిండాయని ధ్రువీకరించారు. కనుక పిల్లలకు ఉండే రక్షణలు ఈ ఖాతాకు వర్తించవు." చదివి ఒళ్లు మండిపోయింది. ఉచిత బస్సెక్కితేనే కండక్టర్ ఆధార్ చూపమంటాడు. వీళ్లకు మాత్రం పసిపిల్ల నొక్కిన ఒక్క నొక్కుడు చాలు! పిల్ల ఏ గౌను వైపు చూసిందో పసిగట్టి, తెల్లారేసరికి అదే గౌను అమ్మజూపుతారు. చూసేది చిన్నపిల్ల అని మాత్రం కనిపెట్టలేరట! పిల్లల వయసు తేల్చాలని చట్టాలు వస్తున్నాయంటున్నారు. రానీ. కానీ ఆ పేరు చెప్పి నా బిడ్డ ఆధార్, మొహం కూడా వీళ్ల చేతిలోనే పెట్టమంటే ఊరుకోను.

ఇక మీకు చెప్పకుండా దాచిన మాట. సంగతి తెలిసి వెంకన్న బావ చివ్వెంల నుంచి వచ్చాడు. "ఫోన్ పలగ్గొట్టు, ముచ్చట ఖతం. ఆడపిల్ల పేరు ఠాణల పడితె రేపు మనల్ని ఎవలు సూస్తరు? తమ్మునికి గూడ చెప్పకు" అన్నాడు.

"తప్పు చేసినోడు నిమ్మళంగ తిరుగుతుంటె, నా బిడ్డ దాక్కోవాల్నా బావా?" అన్నాను.

ఆయన వద్దన్నా, మిమ్మల్ని అడగకుండానే, పాపను తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కేసు పెట్టాను. అప్పటి నుంచి బావ మన గడప తొక్కలేదు.

కానిస్టేబుల్ మంగ్లీ పాపను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. అంతా చెప్పి, చివరికి మన పిల్ల ఏమన్నదో వినండి. "మేడం, నేను గూడ అబద్ధం చెప్పిన. పద్దెనిమిదేండ్లని నొక్కిన. నన్ను గూడ లోపలేస్తరా?"

మంగ్లీ దాన్ని దగ్గరికి తీసుకుంది. "లేదు బిడ్డా. అడిగెటోళ్లు సక్కగ అడగలే. గది నీ తప్పు గాదు" అంది.

మొన్న వాడు దొరికాడు. కోదాడా కాదు, ఆడపిల్లా కాదు. మిర్యాలగూడలో ఉండే నలభై ఏళ్ల మగవాడు. కంపెనీ లెక్కలో మాత్రం ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, అంతే!

పాప మళ్లీ బడికి పోతోంది. కానీ రోజూ ఒకటే అడుగుతోంది, "నాయినకు చెప్పినవా? తిడ్తడా?" అని.

తిట్టడన్నాను. మీ తరఫున నేనే మాటిచ్చేశాను. నా మీద కోపముంటే నన్నే అనండి. దాని గొంతు వినగానే మాత్రం, ఎందుకు నొక్కినవ్ అని అడగకండి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే మీ బిడ్డ తల్లి,
అనురాధ