చర్ల రూట్ ఎవరికి

9 జూలై 2004, శుక్రవారం

మధ్యాహ్నం 2.15కి హైదరాబాద్ నుంచి ఫోన్. సోమవారం నుంచి భద్రాచలం బ్రాంచి ఇన్‌ఛార్జిని నేను. ఎవరు ఏ రూట్‌లో తిరగాలో ఇకనుంచి వేసేది నేనే.

ఫోన్ చేసింది రీజినల్ మేనేజర్ వెంకటరామారావు గారు. నిమిషం కూడా మాట్లాడలేదు. కంగ్రాట్స్ కోటేష్, రిటర్న్స్ తగ్గించు అన్నారు, పెట్టేశారు. రిటర్న్స్ అంటే మనిషికి అందక వెనక్కి వచ్చే కవర్లు.

కొత్తగూడెం హబ్‌లో బస్సు టాపు మీంచి బస్తాలు దించే పనికి ఈ కొరియర్ కంపెనీలో చేరాను. తర్వాత బొగ్గుగని క్వార్టర్లలో సైకిల్ మీద డెలివరీ. ఆ తర్వాత సార్టింగ్ సూపర్‌వైజర్. కల్లూరు దగ్గర మా తండాలో నెలజీతం తెచ్చేవాళ్లు ఇద్దరే. ఒకరు బడిపంతులు, రెండోవాణ్ని నేను.

నా భార్య జ్యోత్స్నకు చెబితే, అయితే ఇంక సంచి మొయ్యవా అని అడిగింది. మొయ్యను అన్నాను. ఇంకేం, చొక్కాలు భుజం కాడ చినగవు, నాకు కుట్టే పని తప్పింది అంది. ఆమె సంతోషం అంతే ఉంటుంది.

12 జూలై, సోమవారం

ఆరుగురు డెలివరీ మనుషులు. పొద్దున అందరినీ నిలబెట్టి మాట్లాడాను. రూట్లు ఆర్నెల్లకోసారి మార్చాలని హెడ్డాఫీసు రూలు. ఒకే మనిషి ఒకే వీధిలో ఏళ్లకేళ్లు తిరిగితే దుకాణాలవాళ్లతో లాలూచీ పెరుగుతుందని. ఖమ్మంలో ఎప్పటినుంచో చేస్తున్నారు. ఇక్కడ పాత ఇన్‌ఛార్జి పట్టించుకోలేదు. నేను పెడతానన్నాను.

చర్ల రూట్ దగ్గరికొచ్చేసరికి మాట ఆగింది. గోదారి వెంబడి దుమ్ముగూడెం, చర్ల, అక్కణ్నుంచి లోపలి గూడేలు. ఆశ్రమ పాఠశాలల పంతుళ్లకు, బీడీ ఆకు కాంట్రాక్టర్ల మనుషులకు, కాల్ లెటర్ల కోసం చూసే పిల్లలకు మా కవర్లు వెళ్తాయి. ఆరేళ్లుగా ఆ రూట్ జంపయ్యది. ఆయనది ఆ వైపు కోయగూడెమే. అయినా ముందు చెయ్యెత్తింది ఆయనే. ఆ రోడ్డు గుంటలన్ని ఇప్పుడు నా నడుంల ఉన్నయి సారూ, జర నన్ను తారురోడ్డు మీద తిప్పు అన్నాడు. అందరూ నవ్వారు.

ప్రభాకర్ నవ్వలేదు. మీ బావకేమో బూర్గంపాడు తారురోడ్డు, మాకేమో అడివి, రూలంటే గిదేనా సార్ అన్నాడు. 

హరిలాల్ మా సోమ్లి అక్క భర్త. పోయినేడు ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. ప్రభాకర్ మాటకు ఎవరూ అడ్డం చెప్పలేదు. బావ నేల చూస్తూ నిలబడ్డాడు.

13 జూలై

చర్ల రూట్ బావకు వేశాను. బూర్గంపాడు జంపయ్యకు. ఇంక ఎవరికీ నోరెత్తే పని లేదు.

14 జూలై

బావ కోపపడతాడనుకున్నాను. పడలేదు. బామ్మర్ది పెద్దోడైతే బావకు కుర్చీ ఏస్తడంటరు, నువ్వు అడివి ఏసినవ్ అన్నాడు. ఒకటే అడిగాడు, మీ అక్కకు చెప్పకు అని. దుమ్ముగూడెం దాకే పోతానని ఇంట్లో చెప్పుకుంటాడట. సరే అన్నాను.

27 సెప్టెంబర్

మా బ్రాంచి రిటర్న్స్ సగానికి పడ్డాయి. చర్ల రూట్ వల్లే. వెంకటరామారావు గారు కాన్ఫరెన్స్ కాల్‌లో నా పేరు చెప్పి, మిగతా బ్రాంచీలవాళ్లు భద్రాచలం చూసి నేర్చుకోవాలన్నారు.

కారణం ఏమిటంటే, జంపయ్య గూడేల్లోకి వెళ్లేవాడే కాదు. సంత రోజున వేపచెట్టు కింద సంచి పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరి కవర్ వాళ్లు వచ్చి తీసుకునేవారు. రానివాళ్లది పక్కింటివాళ్లకు ఇచ్చేవాడు, లేకపోతే రిటర్న్. బావ అలా కాదు. రూలు ప్రకారం గుమ్మం దాకా వెళ్లి సంతకం పెట్టించుకుంటున్నాడు. దారిలో కనపడ్డవాళ్లందరినీ పేరు అడుగుతాడు, ఇల్లు అడుగుతాడు, ఎవరి కొడుకువి అని అడుగుతాడు. తండాలో కూడా ఆయన అంతే.

జంపయ్యతో ఈ లెక్క చెప్పాను. మంచిదే సారూ, నాకంటే హుషారున్నడు అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగాడు. నేను అడగలేదు.

22 అక్టోబర్

ఎండాకాలం చివరి నుంచి పోలీసులకూ అన్నలకూ మధ్య కాల్పులు ఆగి ఉన్నాయి. హైదరాబాద్‌లో చర్చలు. అన్నలు పట్టపగలే ఊళ్లలో మీటింగులు పెడుతున్నారని, తనూ ఒకదాన్లో వెనక నిలబడి విన్నానని బావ చెప్పాడు. సంచినిండా సీతాఫలాలు తెచ్చాడు. ప్రభాకర్ నాలుగు తిని, హరిలాలన్నా, వచ్చేసారి ఈ రూట్ నాకు వెయ్యమని మీ బామ్మర్దికి చెప్పరాదూ అన్నాడు.

17 జనవరి 2005, సోమవారం

చర్చలు తెగిపోయాయి. పేపర్లన్నిట్లో అదే. మళ్లీ ఎప్పటిలాగే కాల్పులు.

రూట్లు మార్చాల్సిన రోజు కూడా ఇవాళే. ప్రభాకర్ కుదరదన్నాడు, సీతాఫలాల సీజన్ అయిపోయిందని తనే నవ్వాడు. మిగతావాళ్లూ కుదరదన్నారు. జంపయ్యను పక్కకు పిలిచాను. నేను పోతనే ఉంటే ఎవరూ ఏమనకపోదురు సారూ, ఆర్నెల్లు కనపడకుండ పోయి ఇయ్యాల పోతే, ఏడున్నవ్, ఎవరితోని ఉన్నవ్ అని నన్నే అడుగుతరు అన్నాడు. ఒకసారి దిగినంక మళ్ల ఎక్కే బండి కాదది అన్నాడు.

బావే ముందుకొచ్చాడు. ఇంకొన్ని దినాలు నేనే తిరుగుత తియ్ అన్నాడు. నువ్వు ఏరియా మేనేజర్ అయినంక నన్ను ఖమ్మంల ఫ్యాను కింద కూసోబెట్టు అన్నాడు.

చార్టులో ఆయన పేరు అలాగే ఉంచాను.

3 ఫిబ్రవరి

ఏరియా మేనేజర్ లిస్టులో నా పేరుంది. ఇరవై ఐదున హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. అప్పటిదాకా బ్రాంచిలో ఒక్క సర్వీస్ ఫెయిల్యూర్ కూడా ఉండకూడదు.

చర్ల రూట్ కొన్నాళ్లు ఆపుదామా సార్ అని వెంకటరామారావు గారిని అడిగాను. ఆపు, నేనొద్దన్నానా, నీ సంతకంతో రాసి పంపు, ఫైల్‌లో పెడతాను అన్నారు.

రాసి పంపలేదు.

11 ఫిబ్రవరి

దారిలో బావను ఎస్సై ఆపాడు. సంచి దింపించి, ఏ గూడెంలో ఎవరికి ఏమొస్తాయని అడిగాడు. రెండు గంటలు కూర్చోబెట్టి టీ ఇప్పించి పంపాడు. ఏం చెప్పావని అడిగాను. కవర్ మీద ఉన్నదే చెప్పిన, లోపల ఏముందో నాకేం ఎరుక అన్నాడు. సర్కారు చాయ్ గూడ మన చాయ్ లెక్కనే ఉంది బామ్మర్దీ, చక్కెర తక్కువ, అంతే అన్నాడు.

జంపయ్య నవ్వలేదు. నువ్వు ఆడ చాయ్ తాగంగ ఎవరన్న చూసిన్రా అని బావను అడిగాడు. రోడ్డు మీద బస్సు ఆగి ఉంది అన్నాడు బావ.

15 ఫిబ్రవరి

చర్ల రూట్ మార్చమని బావ ఇవాళ అడిగాడు. జోకు వెయ్యకుండా అడిగాడు. ఇరవై ఐదు దాకా చూడు బావా అన్నాను.

18 ఫిబ్రవరి, శుక్రవారం, సాయంత్రం 7

బావ రాలేదు. చర్లలో ఎస్టీడీ బూత్ నుంచి ఒక ట్రాక్టర్ డ్రైవర్ ఫోన్ చేశాడు. వాగు ఇవతల మా కంపెనీ బండి స్టాండు వేసి ఉంది. తాళం చెవి బండికే ఉంది. సంచి హ్యాండిల్‌కు తగిలించి ఉంది. మనిషి లేడు.

19 ఫిబ్రవరి

వెంకటరామారావు గారికి ఫోన్ చేసి చెప్పాను. కవర్లు అన్నీ ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. తర్వాత బావ గురించి అడిగారు. పోలీసులకు కంప్లయింట్ ఇవ్వు, ఇచ్చి పక్కకు జరుగు, ఇంటర్వ్యూ మీద దృష్టి పెట్టు అన్నారు.

జంపయ్య వద్దంటే వద్దన్నాడు. కంప్లయింట్ ఇస్తే పొద్దుగూకేలోపు లోపల అన్నలకు తెలుస్తది, ఇంక ఆయన పోలీసు మనిషే అని మనమే ముద్రేసినట్టు అన్నాడు. ఊరూరూ తిరిగి ఎవరి ఇల్లు ఏడ అని అడిగేటోళ్లు ఆడ ఇద్దరే సారూ, ఒకరు మనం, ఇంకొకరు పోలీసోళ్ల మనుషులు, నేను గందుకే సంతల కూసునేది అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మళ్ల నన్నే పొమ్మంటవని భయపడ్డ అన్నాడు. తల దించుకోలేదు. నేనే దించుకున్నాను.

కంప్లయింట్ ఇవ్వలేదు. మధ్యాహ్నం జంపయ్య తన భార్య పుట్టినూరుకు బయల్దేరాడు. అక్కడ అన్నలకు మాట చేరవేసేవాళ్లు ఉన్నారట.

20 ఫిబ్రవరి

సోమ్లి అక్క కల్లూరు నుంచి వచ్చింది. దుమ్ముగూడెం దాకే కదరా పోయేది, వాగు కాడికి ఎందుకు పోయిండు అని అడిగింది. చెప్పాను. ఆ రూట్ వేసిందెవరు అని అడిగింది. నేనే అన్నాను.  ఎవరికన్న ఎయ్యాలి గదరా, మాకే ఎందుకు ఏసినవ్ అంది. 

మావాడని ఎవరూ అనకూడదని వేశానక్కా అన్నాను. మనోడు కాకుంటే ఎయ్యకపోదువన్న మాట అంది. జ్యోత్స్న నీళ్లు తెచ్చి ఇచ్చింది. అక్క తాగలేదు.

21 ఫిబ్రవరి, సోమవారం

బావ బతికే ఉన్నాడు. జంపయ్య కళ్లతో చూడలేదు గానీ, మాట తెచ్చాడు. అన్నం తింటున్నాడట. ఒక చెయ్యి లేవడం లేదట.

వాళ్లు అడిగేది ఒకటే. ఆరేళ్లు తిరిగినవాణ్ని తీసేసి, ఎవరికీ తెలియని మనిషిని ఎందుకు పెట్టారు, పెట్టమన్నదెవరు? రూట్ వేసినవాడు గురువారం వచ్చి ఎదురుగా చెప్పాలి. చెబితే ఇడిచిపెడతరా అని జంపయ్య అడిగాడట. విన్నాక చూస్తాం అన్నారట.

అక్కకు చేయి సంగతి చెప్పలేదు.

23 ఫిబ్రవరి, బుధవారం

వెంకటరామారావు గారు ఫోన్‌లో గట్టిగా చెప్పారు. కంపెనీ మనిషిగా నువ్వు అక్కడికి వెళ్లడానికి వీల్లేదు, నీకేమన్నా అయితే మాకు సంబంధం లేదు. సరే సార్ అన్నాను. జ్వరమని రెండు రోజులు లీవు పెట్టాను. రేపు సాయంత్రం హైదరాబాద్ బస్సుకు తీసుకున్న టికెట్ క్యాన్సిల్ చేయలేదు. ఎందుకు చేయలేదో ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

సాయంత్రం గోదారి గట్టు మీద కూర్చుని, రేపు ఏం చెప్పాలో జంపయ్యతో అనుకున్నాం. ఆయన వాళ్లలాగా అడిగాడు, నేను జవాబు చెప్పాను.

రూట్లు మార్చడం హెడ్డాఫీసు రూలు అన్నాను. ఆరేండ్ల నుంచి లేని రూలు నీ కాలంలనే ఎట్ల లేసింది అన్నాడు. పాత ఇన్‌ఛార్జి పట్టించుకోలేదు అన్నాను. పోలీసులు చెప్తే నువ్వు పట్టించుకున్నవా అన్నాడు. కాదు, మేనేజర్ కావాలనుకున్నాను అన్నాను. ఆ ముక్క బాగుంది, అది నమ్ముతరు, అది చెప్పు అన్నాడు.

మరి హరిలాల్‌నే ఎందుకు పంపినవ్ అన్నాడు. ఆయన నా సొంత అక్క మొగుడు, మావాళ్లకు మంచి రూట్లు ఇచ్చుకుంటానని ఎవరూ అనకూడదని ఇదిచ్చాను అన్నాను.

 ఈసారి జంపయ్య తన గొంతుతోనే అన్నాడు. గీ మాట మాత్రం నమ్మరు సారూ. సొంత అక్క మొగుణ్ని ఎవడన్న అడివికి తోలుతడా, ఎనక ఎవడో భరోసా ఇస్తేనే తోలుతడు, పోలీసే ఇచ్చిండు అంటరు. బావ అని చెప్పకు, ఎవరో పనోడు అని చెప్పు.

బావ అక్కడ నా గురించి ఏమని చెప్పి ఉంటాడని అడిగాను. 

మా బామ్మర్దే మేనేజర్ అని మొదటి దినమే చెప్పిండట అన్నాడు. గొప్పగ చెప్పిండట.

ఎవరో పనోడు అనే మాట ఇంక నడవదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే. ఇంటికి వచ్చేముందు రేపటి నుంచి చర్ల రూట్ ఆపినట్టు రాసి, సంతకం చేసి, ఆఫీసు ఫ్యాక్స్‌లో పంపాను. 

24 ఫిబ్రవరి, గురువారం, ఉదయం 5.20

జంపయ్య బండి తెచ్చాడు. పోలీసు అనుకుంటారని బూట్లు వద్దన్నాడు, చెప్పులు వేసుకున్నాను. సెల్‌ఫోన్ జ్యోత్స్నకు ఇచ్చాను. అక్క ముగ్గురికి అన్నం కట్టింది.

వాగు దగ్గర పది గంటలకు. జంపయ్య ఇవతలే ఆగాలి. దాటేది నేనొక్కణ్నే.